నిండని గొయ్యి

బుతిద్మకు ముక్కు మీదే కోపం అని హరగోల్ ఊరంతా అనుకునేది. నిజానికి ఆమెకు కోపం కన్నా అసహ్యం ఎక్కువ. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ముక్కు లోపలికి వెళ్ళేది, వెనకాల ఆమె వెళ్ళేది. గుమ్మంలో ఉండగానే, "ఏంటే, పాలగిన్నె తోమి ఎన్నాళ్ళయింది?" అని అడిగేది. ఆ మాటకు కోడళ్ళు హడలిపోయేవాళ్ళు. అత్తలు మాత్రం సంతోషపడేవాళ్ళు.

అలాగని ఆమె సుకుమారేమీ కాదు. పెళ్ళికి ముందునుంచీ చేపల కార్ఖానాలో ఓముల్ చేపల పొట్టలు చీల్చిన మనిషి. మోచేతుల దాకా పేగులూ పొలుసులూ పులుముకుని, మధ్యాహ్నం అదే చేత్తో రొట్టె విరుచుకుని తిన్న మనిషి. ఓముల్‌ను పేగులతో సహా ఉప్పేసి, కుళ్ళు వాసన తగిలేదాకా పీపాలో మాగబెట్టి తింటే ఆ రుచే వేరని ఆమె వాదన. ఆమె ఆ పీపా మూత తీసిందంటే పట్నం చుట్టాలు ముక్కులు మూసుకుని వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళు. "చేప కంపు కంపు కాదర్రా. కంపంటే మనిషిదే" అని ఆమె లోపలినుంచి కేకేసేది.

పుట్టినప్పుడే ఆమెకు ఇష్టం లేని పేరు తగిలించారు. బుతిద్మ అంటే కొడుకును వెంట తెచ్చేది అని అర్థం. ఇంట్లో అప్పటికే అంతా ఆడపిల్లలు. ఈ పేరు పెడితే తర్వాతైనా మగపిల్లాడు పుడతాడని ఆశ. తర్వాత పుట్టింది కూడా ఆడపిల్లే. తండ్రి ఆ కోపాన్ని చాలాకాలం ఈమె మీదే చూపించాడు. అందుకే కాబోలు, పెద్దలు చెప్పింది చేస్తే జరగవలసింది జరుగుతుందన్న నమ్మకం ఆమెకు ఎప్పుడూ సగమే ఉండేది.

హరగోల్‌కు కోడలిగా వచ్చింది. సైబీరియాలో, బైకాల్ పడమటి ఒడ్డున ఉన్న ఊరు. మ్యాపుల్లో బైకాల్‌ను సరస్సు అని రాస్తారు కానీ ఊళ్ళో ఎవరూ ఆ మాట అనరు. సముద్రమనే అంటారు. సరస్సు అన్నవాడి పడవకు ఆ సాయంత్రం ఈదురుగాలి తప్పదని నవ్వుతారు. నవ్వుతూనే తామూ ఆ మాట నోట రానివ్వరు. మైలు లోతున్న మంచినీళ్ళు. చలికాలం చివర్లో గడ్డకట్టిన నీటి మీద బోర్లా పడుకుని చూస్తే, కింద రాళ్ళూ, రాళ్ళమీద కొమ్మలు కొమ్మలుగా పెరిగిన పచ్చటి స్పాంజీలూ కనిపించేవి. ఆ స్పాంజీలే నీళ్ళను తాగి, వడకట్టి, తిరిగి వదులుతాయి. పెద్దగాలులకు ఒడ్డున పడ్డ ముక్కల్ని అత్తగారు ఎండబెట్టి, చాయకు నీళ్ళు కాచే సమోవర్ తోమేది. ఇత్తడి మెరిసిపోయేది.

అత్తగారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కానీ కోడలు వచ్చిన మొదటి వారంలోనే చెప్పవలసినవన్నీ చెప్పేసింది. సముద్రంలో ఉమ్మకూడదు. చేతులు కడగకూడదు. బట్టలు ఉతకకూడదు. గిన్నె కడిగిన నీళ్ళయినా సరే, చేప కడిగిన నీళ్ళయినా సరే, బకెట్‌లో మోసుకుపోయి, గులకరాళ్ళు అయిపోయి గడ్డి మొదలయ్యే చోటు దాటాకే పారబొయ్యాలి. "ఆ పైన నేల తాగేస్తది. సముద్రానికి మన మురికితో పని లేదు" అంది. గర్భిణిగా ఉన్నప్పుడు కూడా బుతిద్మ ఆ బకెట్లు మోసింది. కడుపు నిలవలేదు, బకెట్లు మాత్రం ఆగలేదు. ఊళ్ళో ఏ ఆడమనిషీ ఆ గడ్డి గీతకు ఇవతల చుక్క పారబొయ్యగా ఎవరూ చూడలేదు.

తర్వాత కార్ఖానా మూతపడింది. మొగుడు ముంఖో, పడవ ఒడ్డున తిరగేసి ఉండగానే, దాని పక్కనే గుండె ఆగి పోయాడు. ఓముల్ తగ్గిపోయిందని సర్కారు చేపల వేట నిషేధించింది. ఊరు ఊరంతా ఏం తినాలో తెలియక దిక్కులు చూస్తుంటే, దిక్కులనుంచి సందర్శకులు వచ్చారు.

వాళ్ళంటే బుతిద్మకు ఒళ్ళు మంట. పవిత్ర సముద్రమని మోకాళ్ళమీద పడి దండం పెడతారు, లేచి అక్కడే ఉచ్చ పోస్తారు. తల రుద్దుకునే షాంపూ సీసాలతో నీళ్ళలోకి దిగుతారు. పొదలకు ప్లాస్టిక్ పీలికలు కట్టి కోరికలు కోరుకుంటారు. తడి కాగితాలతో ఎక్కడెక్కడో తుడుచుకుని వాటిని రాళ్ళకింద దాచిపెడతారు. దాచిన చోటు వాళ్ళు మరిచిపోతారు కానీ కుక్కలు మరిచిపోవు. ఆ కాగితం ఒకటి ఒకరోజు ఆమె గుమ్మంలోకే వచ్చింది, కుక్క నోట్లో. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

కానీ ఆ సందర్శకుల మీదే ఆమె బతుకు నడిచింది. మరిది కొడుకు జొరిగ్తో, తమ వంశం నీళ్ళు ముంచుకునే రేవుకు పైన, రోడ్డుకు అవతల, నీలిరంగు కప్పుతో పెద్ద అతిథి గృహం కట్టాడు. భార్య ఎర్జెనా వంటిల్లు చూసుకునేది. పక్కదుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే పని పెద్దమ్మకు ఇచ్చాడు. గదులకు చెక్క నగిషీలు, కిటికీలకు తెరలు, గోడలకు ఆ సముద్రంలో తిరిగే నెర్పా సీల్ జంతువుల బొమ్మలు. పైన పటారం, లోన లొటారం. ఆ లొటారమంతా ఎవరికన్నా ముందు తెలిసింది బుతిద్మకే, ఎందుకంటే అది దుప్పట్లకు అంటుకుని ఆమె షెడ్డుకే వచ్చేది. సారా వాంతులు, సాస్ మరకలు, పేరు చెప్పుకోలేని మరకలు. ఆమె వాటిని కర్రతో ఎత్తి యంత్రంలో పడేసి, రెండు గరిటెల సబ్బుపొడికి బదులు నాలుగు వేసేది. నురుగు పొంగి నేలమీదికి వచ్చినా ఆమె పట్టించుకునేది కాదు. "వీళ్ళ పాపం కూడా పోవాలంటే పీపా పొయ్యాలి" అనేది.

ఆ నీళ్ళన్నీ, మరుగుదొడ్ల నీళ్ళతో సహా, పెరట్లో జొరిగ్తో తవ్వించిన గోతిలోకి పోయేవి. ఊళ్ళో ఆ గొయ్యికి ఒక పేరుంది, నిండని గొయ్యి అని. పై వీధిలో బంకమట్టి. అక్కడి వాళ్ళ గోతులు ఊరికే నిండి పొంగేవి, పట్నంనుంచి పంపు లారీని బతిమాలి పిలిపించుకోవాల్సి వచ్చేది. జొరిగ్తో గొయ్యి మాత్రం ఎన్ని బస్సులు దిగినా నిండలేదు. "మా నాన్న చూపించిన చోటు పెద్దమ్మా! ఆయన చెయ్యి మంచిది" అని అతను మురిసిపోయేవాడు. బుతిద్మ కూడా పై వీధి ఆడవాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంది. "మీ గోతులు పొంగుతాయంటే పొంగవూ మరి? పెట్టిన ముహూర్తం అలాంటిది" అని ఎద్దేవా చేసింది.

గొయ్యి తవ్వించిన కొన్నేళ్ళకు ఒడ్డున నాచు మొదలైంది. అంతకుముందు లేనిది. ఆగస్టు వచ్చేసరికి పచ్చటి జుట్టులాంటి నాచు కుప్పలు కుప్పలుగా గులకరాళ్ళ మీదికి కొట్టుకొచ్చి, ఎండకు కుళ్ళి, పందుల దొడ్డి కంపు కొట్టేది. కాలేస్తే చీలమండ దాకా దిగిపోయేది, లోపల నల్లగా గుజ్జు. గాలికి కొట్టుకొచ్చే స్పాంజీ ముక్కలు ఇప్పుడు గోధుమరంగులో, చీము పట్టినట్టు జిగటగా ఉండేవి. ఒకటి తీసి సమోవర్‌కు రుద్దబోతే చేతిలోనే కరిగిపోయింది. ఆ చేతిని ఆమె ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. "పట్నపోళ్ళు చేసిన పాపం" అని ఊరంతా తిట్టారు. బుతిద్మ అందరికన్నా గట్టిగా తిట్టింది.

అలాంటి ఒక వేసవిలో వంశపు తైలగాన్ జరిపే వంతు జొరిగ్తోకు వచ్చింది. సముద్రపు దొరకు వంశమంతా కలిసి పాలూ వెన్నా చాయీ అర్పించి, గొర్రెను కోసి వండుకు తినే పండుగ అది. వంతు వచ్చినవాడు అన్నీ తన చేతిమీదుగా చెయ్యాలి. అన్నిటికన్నా ముందు ఒక పని ఉంటుంది. వంశంలోని పెద్దకోడలు రేవులో వెండి పూసిన చెక్కగిన్నె ముంచి, పచ్చినీళ్ళు తెచ్చి అతని చేతికి ఇవ్వాలి. అతను సముద్రం వైపు తిరిగి, "నేనిచ్చిందే నాకియ్యి" అని ఆ నీళ్ళు తాగాలి. అది అయ్యాకే పొయ్యి వెలిగించాలి. పెద్దకోడలు ఇప్పుడు బుతిద్మే. నీళ్ళు వంశం రేవులోనే ముంచాలి, వేరే చోటు పనికిరాదు.

పండుగకని జొరిగ్తో అన్ని గదులకూ కొత్త దుప్పట్లు కొన్నాడు. చీనా సరుకు, ఎర్రటి ఎరుపు. "వేసే ముందు ఒకసారి తడిపి ఉతుకు పెద్దమ్మా" అన్నాడు. ఆమె ఉతికింది. రంగు దిగుతూనే ఉంది. గొర్రెను కోసిన రోజు కూడా అంత ఎరుపు చూడలేదామె. యంత్రం కడుపు నిండా, గొట్టం నిండా, నేలమీద కాలువలుగా ఎరుపే. ఉతికీ ఉతికీ, చివరికి దుప్పట్లు పాలిపోయిన చిగుళ్ళ రంగుకు వచ్చాయి. "చీనావాడు నిన్ను బానే ఉతికాడురా" అని జొరిగ్తోను వెక్కిరించి, ఆమె ఇంటికి వెళ్ళి పడుకుంది.

పండుగ దగ్గరపడ్డాక, ముందుగా నాచు తీసి రేవు శుభ్రం చేద్దామని పార పట్టుకుని దిగింది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నాచు ఎత్తి పక్కన వేస్తూ, తిట్టుకుంటూ, రాళ్ళ దాకా వచ్చింది. ఒడ్డు గట్టు కిందినుంచి, ఇసుకా గులకరాళ్ళ మధ్యలోంచి, సన్నటి ఊట ఒకటి రేవులోకి దిగుతోంది. ఆ ఊట ఎర్రగా ఉంది. దాని మీద నురుగు కూడా ఉంది.

మొదట ఆమె భయపడింది. అరిష్టమనుకుంది. నేలకు నెత్తురొస్తోందనుకుంది. వంగి వాసన చూసింది. ఆమె ముక్కు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. సబ్బుపొడి. ఆమె గరిటెలు గరిటెలు పోసిన సబ్బుపొడి వాసనే. దాని వెనకాల ఇంకో వాసన, ఎవరికీ చెప్పనక్కర్లేనిది. ఇన్నేళ్ళుగా ఈ రేవులోనే రోజూ పొద్దున్న చాయకు నీళ్ళు ముంచుకుంది. చలికాలం ఇక్కడే మంచుదిమ్మలు కోసి, వాకిట్లో పేర్చుకుని, కరిగించుకుని తాగింది. అందరి గిన్నెల్లో కంపు పట్టిన తన ముక్కుకు, తన గిన్నెలోది పట్టలేదు.

పార అక్కడే పడేసి నేరుగా అతిథి గృహం పెరట్లోకి వెళ్ళింది. జొరిగ్తో కారులోంచి సారా పెట్టెలు దించుతున్నాడు.

"ఒరేయ్, నీ గొయ్యికి అడుగుందా?"

"అడుగేంటి పెద్దమ్మా?"

"సిమెంటో, చెక్కో, ఏదో ఒకటి. కింద ఏం వేశావ్?"

"కింద వెయ్యడమేంటి? అడుగేస్తే నిండిపోదా!" అని నవ్వాడతను. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఏమైంది?"

"నీ దుప్పట్ల రంగు రేవులోకి దిగుతోంది. రంగొక్కటే అయితే పోనీ అనుకుందును. వాసన చూడు పో. మన చాయలో మనం ఏం కలుపుకు తాగుతున్నామో తెలుస్తది."

అతను రేవుకు వెళ్ళి చూసి వచ్చాడు. ముఖం దొంగకు తేలు కుట్టినట్టుంది. అయినా గొంతు పెంచాడు.

"నేనేం తప్పు చేశానో చెప్పు! నానమ్మ ఏం చెప్పింది? గడ్డి దాటాక పొయ్యమంది. నేను గడ్డి దాటి, రోడ్డు దాటి తవ్వించా. సముద్రంలో ఒక్క చుక్క పోశానా? ఊళ్ళో అందరివీ గోతులే. నాదొక్కటే అడుగుతావేంటి?"

"మీ నానమ్మ పోసింది బకెట్రా. నువ్వు బస్సులు బస్సులు పోస్తున్నావ్. కింద ఉన్నది ఇసుక. తాగటం దానికేం తెలుసు? ఇటు పోస్తే అటు వదిలిపెడతది."

"పోసేది నేనా? ఉతికేదెవరు? నాలుగు గరిటెలు వేసేదెవరు? నేను రెండే చాలన్నానా లేదా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి అలా నిలబడిపోయేసరికి, జొరిగ్తో మెత్తబడ్డాడు.

"చూడు పెద్దమ్మా, ఎట్టాగో పండుగ గడిచిపోనీ. తర్వాత నేనే ఏదో చేస్తా. నీళ్ళు దుకాణంలోంచి తెప్పిస్తా. అదీ ఈ సముద్రం నీళ్ళేగా, లోతునుంచి తోడి సీసాల్లో పోసినవి. గిన్నెలో అవి పోసి తేవమ్మా. రేవులో ముంచినట్టు కాస్త చెయ్యి ఆడించు. ఎవరు చూడొచ్చారు?"

"సముద్రానికి సముద్రం నీళ్ళే దుకాణంలో కొని పెడతావా?"

"మరేం చెయ్యమంటావ్? అందరి ముందు నా పరువు తియ్యమంటావా? ఈ ఇల్లు మూతపడితే నువ్వేం తింటావ్? తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు పెద్దమ్మా."

ఛీ అనిపించింది బుతిద్మకు. అతన్ని చూస్తే ఛీ అనిపించింది, అతను చెప్పింది సగం నిజమైనందుకు ఇంకా ఎక్కువ ఛీ అనిపించింది. ఇంటికి వెళ్ళి చాయ పెట్టుకోబోయింది. బకెట్‌లో నీళ్ళు తేటగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఆ తేటదనం చూసి ఆమెకు మరీ రోత పుట్టింది. పండుగ దాకా పాలు తాగి గడిపింది. దుప్పట్లు ఉతకడానికి వెళ్ళలేదు. నడుం పట్టిందని ఎర్జెనాకు కబురు పంపింది. నడుం బాగానే ఉంది. ఆమె తేల్చుకోవలసింది ఒక్కటే. గిన్నెలో సీసా నీళ్ళు పోస్తే వంశమంతటి ముందు సముద్రానికి అబద్ధం చెప్పినట్టు. రేవు నీళ్ళు ముంచితే ఇంటి బిడ్డను నిలబెట్టి బట్టలూడదీసినట్టు.

పండుగ రోజు పొద్దున్నే వంశమంతా రేవు పైన గడ్డిలో చేరింది. ఇర్కుత్స్క్ పట్నం నుంచి కూడా కార్లు వచ్చాయి. జొరిగ్తో తెల్లారకముందే మనుషుల్ని పెట్టి నాచు ఎత్తించి, ఊట మీద రాళ్ళు పేర్పించాడు. గాలి మాత్రం అతని మాట వినలేదు. గాలి మళ్ళినప్పుడల్లా కంపు గుప్పుమనేది. ఆడవాళ్ళు తలగుడ్డల అంచులు ముక్కుకు పెట్టుకుంటూ, "నాచు బాబోయ్, ఈ ఏడు మరీనూ" అనుకున్నారు. మగవాళ్ళు సారా ఎప్పుడు పోస్తారా అని చూస్తున్నారు.

పెద్దాయన హగ్దాయ్ బొచ్చుటోపీ పెట్టుకుని రాతిమీద కూర్చున్నాడు. ముంఖోకు అన్న వరస. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.

"ఏం మరదలా, మొహం అట్టా పెట్టావేంటి? నిన్ను చూస్తే పాలు విరిగిపోయేట్టున్నాయి!"

"పాలు ఇంతకుముందే విరిగినాయి బావగారూ" అంది బుతిద్మ.

గొర్రె కోసే చోట పెద్ద పెద్ద డేగిసాలు అప్పటికే నీళ్ళతో నిండి ఉన్నాయి. కారు వెనకాల ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు గుట్టగా పడున్నాయి. అంటే జొరిగ్తో వంటకంతా దుకాణం నీళ్ళే పోశాడు. రేవు నీళ్ళు తగలవలసింది ఇక ఆ ఒక్క గిన్నెకే. అతను ఆమె పక్కకు వచ్చి, ఒక సీసా ఆమె కోటు చేతిలోకి దూర్చాడు.

"పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు, పెదాలు కదపకుండా.

ఆమె గిన్నె తీసుకుని గట్టు దిగింది. వెనకనుంచి అందరూ చూస్తున్నారు. కోటు చేతిలో సీసా చల్లగా తగులుతోంది. నీటి అంచున వంగింది. పేర్చిన రాళ్ళ సందుల్లోంచి ఊట దారి చేసుకుని వస్తూనే ఉంది. ఎరుపు తగ్గి బూజురంగుకు వచ్చింది. పక్కనే నాచు తీగలు నీళ్ళలో ఊగుతున్నాయి. సీసా మూత తిప్పడానికి క్షణం పట్టదు. ఆమె సీసాను రాళ్ళమీద పెట్టి, ఊట కలిసే చోటే గిన్నె ముంచింది.

పైకి వచ్చి రెండు చేతులతో గిన్నెను జొరిగ్తోకు ఇచ్చింది. సీసా కింద రాళ్ళమీదే ఉండిపోవడం అతను చూశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఊఁ, కానీరా. ఎండెక్కుతోంది" అన్నాడు హగ్దాయ్.

జొరిగ్తో సముద్రం వైపు తిరిగాడు. "నేనిచ్చిందే..." అన్నాడు. "నేనిచ్చిందే..." అని మళ్ళీ అన్నాడు. గిన్నె మూతి దాకా వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. గిన్నె కిందికి దిగింది.

"మిగతాది మరిచిపోయాడ్రా! పెళ్ళాం పేరైనా గుర్తుందా?" అని వెనకనుంచి ఎవరో వేళాకోళమాడారు. కొందరు నవ్వారు.

"తాగరా. ఏమయింది?" అన్నాడు పెద్దాయన.

"తాగలేను పెదనాన్నా."

"ఎందుకు?"

జొరిగ్తో గిన్నెలోకి చూస్తున్నాడు. నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఎర్జెనా చేతులతో ముఖం కప్పుకుంది. గాలి మళ్ళింది. ఈసారి ఎవరూ నాచు అనలేదు. అందరూ తలలెత్తి, రోడ్డుకవతల నీలి కప్పు వైపు చూశారు. చూసిన వెంటనే చూపులు దించుకున్నారు కూడా, ఎందుకంటే అక్కడున్న అందరి పెరట్లలోనూ గోతులున్నాయి.

తను కోరుకున్నది ఇదేననుకుంది బుతిద్మ. అతని తల వంగితే తనకు శాంతిగా ఉంటుందనుకుంది. కానీ ఆ వంగిన తల చూస్తుంటే శాంతి రాలేదు, తనమీద తనకే రోత వచ్చింది. రంగు అతనిది. గొయ్యి అతనిది. నాలుగు గరిటెలు ఎవరివి? పై వీధి ఆడవాళ్ళ ముందు ముహూర్తం గురించి గొప్పలు చెప్పింది ఎవరు?

"ఇటివ్వు" అంది.

"వద్దు పెద్దమ్మా."

"ఇవ్వరా. ఇందులో సగం నాది."

గిన్నె లాక్కుంది. సముద్రం వైపు తిరిగి, "నేనిచ్చిందే నాకియ్యి" అని గట్టిగా, అందరికీ వినపడేట్టు అని, ఎత్తిన గిన్నె దించకుండా తాగేసింది. సబ్బు నాలుక మీద జారింది. దాని వెనకాలది గొంతులో ఆగింది. ఖాళీ గిన్నెను బోర్లించి పెద్దాయనకు చూపించింది.

"ఇది మనదే బావగారూ. పట్నపోళ్ళది కాదు" అంది.

అంతే, ఆమె కడుపు తిరగబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, సముద్రానికి దూరంగా గట్టు మీదికి పరుగెత్తింది. అత్తగారు నేర్పిన కాళ్ళు వాటంతటవే గడ్డి వైపు తీసుకెళ్ళాయి. గడ్డి గీత దాటింది. ఇంకా పైకి పోయింది. మోకాళ్ళమీద పడి వంగింది. వంగి, గడ్డి మొదళ్ళ మధ్య కనిపిస్తున్న నేలను చూసింది. ఇసుక. వేళ్ళతో గీరితే ఇంకా ఇసుకే. దవడలు బిగించి, వస్తున్నదాన్ని నోట్లోనే పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అటు చూసింది, ఇటు చూసింది. ఎక్కడ కక్కాలో తెలియలేదు.

జొరిగ్తో పరుగెత్తుకొచ్చాడు. గొర్రె నెత్తురు పట్టడానికి తెచ్చిన బకెట్ అతని చేతిలో ఉంది. దాన్ని ఆమె గడ్డం కింద పెట్టి, రెండో చేత్తో ఆమె తల పట్టుకున్నాడు. ఆమె అందులో కక్కుకుంది. చాలాసేపు కక్కుకుంది. అతను ముఖం తిప్పుకోలేదు. అయిపోయాక తన చొక్కా అంచుతో ఆమె మూతి తుడిచాడు.

వంశమంతా గట్టెక్కి వచ్చి చుట్టూ నిలబడింది. జొరిగ్తో బకెట్ పట్టుకుని లేచాడు. సముద్రం వైపు చూశాడు. గడ్డి వైపు చూశాడు. నీలి కప్పు వెనక తన గొయ్యి వైపు చూశాడు.

"పెద్దమ్మా, దీన్నెక్కడ పొయ్యను?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను పెద్దాయన వైపు తిరిగాడు. హగ్దాయ్ చెయ్యెత్తి, గడ్డి అవతలికి చూపించబోయి, మధ్యలోనే ఆగి చెయ్యి దించేసుకున్నాడు. జొరిగ్తో బకెట్‌ను కింద కూడా పెట్టలేక, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.